బడి తనిఖీ – దాని పూర్వోత్తరాలు

ఉర్దూ బడులలో పనిచేసే మేము తనిఖీని ‘ముఆయినా’ అంటాము. స్వయంగా కంటితో చూడటం అని ఆ అరబ్బీ మాటకు అర్థం. మాట చక్కనిదే. కాని ప్రభుత్వాలు బడులను పర్యవేక్షించిన చరిత్ర చదువుతూ పోతే, కంటితో చూసింది ఎంత, కాగితం మీద చూసింది ఎంత అన్న అనుమానం అడుగడుగునా వస్తుంది. మన సొసైటీ సభ్యులలో చాలామంది పిల్లలను బడికి పంపేవారే. పైనుంచి వచ్చే అధికారి ఏమి చూసి పోతాడు, ఆ చూపు వలన పిల్లవాడి చదువు బాగుపడుతుందా లేదా అన్న సంగతి వారికీ తెలియడం మంచిదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన దేశంలో ఈ పద్ధతి ఇంగ్లాండు నుంచి దిగుమతి అయినదే కనుక అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1833లో ఆ దేశపు పార్లమెంటు బడి ఇళ్లు కట్టడానికి మొట్టమొదటిసారి 20,000 పౌన్లు మంజూరు చేసింది. డబ్బు ఇచ్చినవాడు లెక్క అడగకుండా ఉంటాడా? 1839లో ఒక విద్యా కమిటీని వేసి, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను నియమించారు. ఆ మరుసటి ఏడు వారికి ఇచ్చిన సూచనలు చూస్తే ముచ్చట వేస్తుంది. మీరు అధికారం చెలాయించడానికి పోవడం లేదు, బడులకు సాయం చేయడానికి పోతున్నారు అన్నది వాటి సారాంశం.

ఆ మంచితనం ఇరవై ఏళ్లకు మించి నిలవలేదు. ఖర్చు పెరిగిపోతున్నదనీ, పిల్లలకు మాత్రం చదవడం, రాయడం, లెక్కలు సరిగా రావడం లేదనీ గొడవ బయలుదేరింది. 1862లో రాబర్ట్ లో అనే ఆయన విద్యావ్యవహారాలు చూస్తుండగా ‘రివైజ్డ్ కోడ్’ అమలులోకి వచ్చింది. దీనినే ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నారు. సగటు హాజరు మీద తలకు 4 షిల్లింగులు. ఆరేళ్లు దాటి, ఏడాదిలో 200 పూటలకు మించి బడికి వచ్చిన పిల్లవాడి మీద మరో 8 షిల్లింగులు. అయితే ఆ 8 షిల్లింగులూ ఊరికే రావు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. చదవడంలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత, రాయడంలో తప్పితే అంతే కోత, లెక్కల్లో తప్పితే ఇంకో అంత. మూడూ తప్పితే ఎనిమిదీ పోయినట్టే. పిల్లవాడు పుస్తకం పట్టుకొని నిలబడితే మాస్టరుకు వాడి మొహంలో షిల్లింగులు కనపడకుండా ఎట్లా ఉంటాయి చెప్పండి.

అప్పటి ఇన్‌స్పెక్టర్లలో మాథ్యూ ఆర్నాల్డు ఒకడు. ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి కవిగా తెలిసిన ఆయనే. 1851 నుంచి 1886 దాకా, అనగా ముప్ఫయి అయిదేళ్లు, బడుల వెంట తిరిగి తనిఖీ ఉద్యోగం చేశాడు. ఈ పద్ధతిని ఆయన మొదటి నుంచీ ఎదిరించాడు. నేర్పుగా తయారుచేస్తే పిల్లలకు నిజంగా చదవడం రాకుండానే చదవడంలో పరీక్ష నెగ్గించవచ్చునని తన రిపోర్టులోనే రాశాడు. పరీక్షకు పెట్టే పుస్తకం ముందే తెలుసు కనుక అదొక్కటే ఏడాది పొడవునా వల్లె వేయించేవారు. ఫలితానికి డబ్బు ముడిపెట్టిన ఈ కోడు 1890ల దాకా ఏదో ఒక రూపంలో నడిచి, ఆ దశాబ్దంలోనే అంతరించింది.

ఇక మన సంగతి. 1854 జులైలో చార్లెస్ వుడ్ పంపిన ఉత్తర్వుతో ప్రతి రాష్ట్రంలో విద్యాశాఖ, దానికి ఒక డైరెక్టరు, కింద ఇన్‌స్పెక్టర్లు, ప్రైవేటు బడులకు గ్రాంటు – ఈ నాలుగూ ఒక్కసారే వచ్చాయి. మద్రాసు రాష్ట్రానికి 1855లో అలెగ్జాండర్ ఆర్బుత్నాట్ మొదటి డైరెక్టరు అయ్యాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఇంగ్లాండులో కోడు వచ్చిన కొద్ది ఏళ్లకే ఆ ఫలితాల గ్రాంటు మద్రాసుకూ వచ్చింది. వీధి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించే పంతులు కూడా డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ముందు పిల్లలను నిలబెట్టి, ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు పుచ్చుకొనే స్థితి వచ్చింది. పేద పంతులుకు అది ఆదాయమే, కాదనను. అయితే మందమతి పిల్లవాడిని చేర్చుకోవడానికి వాడికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది?

1882లో హంటర్ కమిషన్ కూర్చుంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ దాని ముందు సాక్ష్యం చెప్పారు, ఆయన కుమారుడు సయ్యద్ మహమూద్ అందులో సభ్యుడు. ఈ కమిషన్ కూడా ప్రాథమిక పాఠశాలల గ్రాంటును చాలావరకు పరీక్షా ఫలితాలతోనే ముడిపెట్టమన్నది, వెనుకబడిన ప్రాంతాలకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చునన్నది. దాని సిఫారసులలో మనవాళ్లు సాధారణంగా స్కాలర్‌షిప్పుల మాట చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోని రెండు సిఫారసులు విలువైనవిగా తోస్తాయి. ముస్లిం ప్రాథమిక పాఠశాలల తనిఖీకి ముస్లిం ఇన్‌స్పెక్టింగ్ అధికారులను ఇదివరకటి కంటె ఎక్కువగా నియమించాలన్నది ఒకటి. ప్రతి ఏటా వచ్చే విద్యాశాఖ రిపోర్టులో ముస్లింల చదువు గురించి ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలన్నది రెండవది.

మొదటి దానిని కేవలం ఉద్యోగాల వాటా అనుకోకూడదు. ఉర్దూలో పాఠం జరుగుతుంటే, ఉర్దూ రాని అధికారి వచ్చి ఏమి ముఆయినా చేస్తాడు? ఇరవై ఏళ్లకు పైబడిన నా సర్వీసులో అటువంటివారిని చూశాను. పేర్లు అక్కర లేదు. నోటు పుస్తకాలు తిరగేసి ఎర్ర సిరా ఉన్నదా లేదా అని చూస్తారు, హాజరు పట్టీ కూడిక చూస్తారు, వంటగది చూస్తారు, సంతకం పెట్టి వెళతారు. పిల్లవాడు రాసినది తప్పో ఒప్పో వారికి తెలిసే దారి లేదు. మనుషులు మంచివారే, భాష రాదు, అంతే.

రెండవ సిఫారసు ఇంకా లోతైనది. సగటులో అందరూ కలిసిపోతారు. జిల్లాలో నూటికి అరవై మంది పాసైతే పై అధికారికి అరవై అన్న అంకె కనిపిస్తుంది, ఆ నలభైలో ఎవరి పిల్లలు ఉన్నారో కనపడదు. వేరుగా రాస్తేనే తేలుతుంది. ఈ మాట హంటర్ వారు 1880లలోనే గ్రహించారు.

ఫలితాల గ్రాంటును ఇక్కడ వదిలించినవాడు కర్జన్. 1904 తీర్మానంతో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. లెక్క చూసే తీరులో అసలైన మలుపు మాత్రం 1929 నాటి హార్టాగ్ కమిటీతో వచ్చింది. అంతవరకు ఎందరు చేరారు, ఎన్ని బడులు పెరిగాయి అని మురిసిపోయేవారు. హార్టాగ్ కమిటీ ఒక తరగతిని పట్టుకొని ఏళ్ల వెంట నడిచింది. 1922-23లో ఒకటవ తరగతిలో ఉన్న 100 మంది పిల్లలకు గాను 1925-26లో నాలుగవ తరగతిలో తేలినవారు 18 మంది! మధ్యలో మానినవారిని ‘వృథా’ అన్నారు, ఒకే తరగతిలో కూరుకుపోయినవారిని ‘స్తబ్ధత’ అన్నారు. తనిఖీ చేసే సిబ్బంది చాలినంత లేరనీ, వారిని పెంచాలనీ కూడా ఆ కమిటీ చెప్పింది.

హైదరాబాదు సంస్థానంలో డైరెక్టరును నాజిమ్-ఎ-తాలీమాత్ అనేవారు. సర్ సయ్యద్ మనుమడు రాస్ మసూద్ 1916 నుంచి 1928 వరకు ఆ పదవిలో ఉండి, 1922లో జపాను పోయి అక్కడి విద్యావిధానాన్ని చూసి పుస్తకం రాశారు. ఆయన కాలంలోనే, 1918లో, ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత, 1959 నుంచి ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి పోయాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్, పరిపాలన చేసేవాడు వేరు, పాఠం బాగు చేసేవాడు వేరు ఉండాలని చెప్పింది. 1985లో మండలాలు వచ్చాక మండల విద్యాధికారి వచ్చాడు. జీతాల బిల్లులు, సెలవులు, సమావేశాలు, పాఠం చూడటం అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి.

అమెరికా కథ కూడా కొంచెం చెప్పాలి. 2002 జనవరిలో ఆ దేశం ఒక చట్టం చేసింది. మూడు నుంచి ఎనిమిదవ తరగతి వరకు ప్రతి ఏటా పరీక్ష, 2014 నాటికి నూటికి నూరుమంది గట్టెక్కాలని గడువు, తప్పిన బడుల మీద చర్య. మంచి ఏమిటంటే నల్లవారు, పేదలు, ఇంగ్లీషు రానివారు, వికలాంగులు – వీరి ఫలితాలు వేరువేరుగా ప్రకటించాలన్నారు. హంటర్ వారి రెండవ సిఫారసే మరో రూపంలో అక్కడ చట్టమయింది. చెడు ఏమిటంటే రివైజ్డ్ కోడు కూడా వెంట వచ్చింది. అట్లాంటా నగరంలో 2011లో జరిగిన విచారణలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు జవాబులు దిద్దడం మొదలైన అక్రమాలలో ఉన్నట్టు తేలింది. 2015లో పదకొండు మందికి కోర్టులో నేరం రుజువయింది. ఆ ఏడాది చివర చేసిన కొత్త చట్టం నూటికి నూరు గడువును వదిలేసింది, చర్యల నిర్ణయం రాష్ట్రాలకు అప్పగించింది. వేరువేరుగా ప్రకటించే నియమాన్ని మాత్రం ఉంచింది.

ఇంత చదివాక ఫలితానికి డబ్బు ముడిపెట్టడమే పాపమని ఎవరైనా అనుకోవచ్చు. నేనూ అటే మొగ్గేవాడిని. కాని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 నుంచి జరిగిన ఒక పరిశోధన అంత తేలికగా తీర్పు చెప్పనివ్వదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీటీ తీసినట్టు విభజించారు. 100 బడులలో ఏ టీచరుకు ఆ టీచరు పిల్లల ప్రగతిని బట్టి బోనసు, 100 బడులలో బడి మొత్తానికి బోనసు, 100 బడులలో ఏమీ లేదు. రెండేళ్లకు బోనసు బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందున్నారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. వీరే మరికొన్ని బడులలో డబ్బు లేకుండా, పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో రిపోర్టు ఇచ్చి, అప్పుడప్పుడు వచ్చి చూసిపోయే ఏర్పాటు చేశారు. చూడటానికి మనిషి వచ్చినప్పుడు టీచర్లు హుషారుగా పాఠం చెప్పారు. పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. మాస్టర్లం ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

లండను కోడుకూ దీనికీ తేడా ఉన్నది. ఇక్కడ జీతంలో కోత లేదు, పైన ఇచ్చారు. పాస్ గీత పెట్టలేదు, పిల్లవాడు నిరుడు ఎక్కడ ఉన్నాడో అక్కడి నుంచి కొలిచారు. పరీక్ష బయటివాళ్లు పెట్టారు. వెనుక బెంచీ పిల్లవాడు పది నుంచి ఇరవైకి వచ్చినా లెక్కలోకి వస్తాడు.

2006లో సచార్ కమిటీ కూడా హంటర్ దారిలోనే నడిచి, వర్గాల వారీ లెక్కలన్నీ ఒకచోట ఉండేలా జాతీయ సమాచార నిధి పెట్టమని సిఫారసు చేసింది. బడుల వివరాల సేకరణ 1990లలో కంప్యూటరు ఎక్కింది. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కొక్క విద్యార్థి పేరు మీద వివరాలు నింపుతున్నారు. మీడియం ఏది, మైనారిటీ వర్గం ఏది అన్న గడులు అందులో ఉన్నాయి. ఆ గడులు నింపేది ఢిల్లీవారు కాదు, మన వీధి బడి హెడ్మాస్టరే. పిల్లవాడు ఉర్దూ మీడియంలో చదువుతుంటే అక్కడ ఉర్దూ అనే రాశారా, లేక తొందరలో ఇంకేదైనా నొక్కారా అని తండ్రి గాని తల్లి గాని బడికి పోయి అడిగితే చూపిస్తారు. అడ్మిషన్ల సమయంలో అడగటం సులువు.