గంగలో పొడిచిన సూర్యుడు, రోములో పుట్టిన పాట

మనకు అలంకారాలు ముగియగానే పిళ్ళారి గీతాలు ఎలాగో, పాశ్చాత్య గాత్రం నేర్చేవారికి పాత ఇటలీ పాటలు అలాగ. లండనైనా న్యూయార్కైనా చాలాకాలంగా ఇదే వరస. ఆ భాషలో మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కనుక గొంతు తెరుచుకునే ఉంటుంది. మన అజంత భాషను దానితో పోల్చుకుని మనం మురిసిపోవడం మాట ఎలా ఉన్నా, పాడేవారికి ఆ సౌకర్యం మాత్రం నిజం.

చిక్కల్లా ఎంపికలోనే. వీటిలో పేరుమోసిన 'కారో మియో బెన్' వంటివి విలంబకాలపు విరహగీతాలు. పై స్థాయి గొంతున్న పదిహేనేళ్ళ పిల్ల చేతికి మొదటే అటువంటిది ఇస్తే, స్వరాన్ని నిలపడానికి ఊపిరి చాలక మెడ బిగిస్తుంది. చురుకైన పాటలో పాదాలు చిన్నవి, నడుమ ఊపిరికి చోటుంటుంది. పై స్వరాన్ని తాకి దిగిరావడమే గాని అక్కడే కాపురముండనక్కరలేదు. నేను శ్రోతనే గాని గురువును కాను. అయినా నన్నడిగితే మొదటి ఓటు 'జా ఇల్ సోలె దల్ గాంజె'కే.

గాంజె అంటే మన గంగే! గంగ నుండి సూర్యుడు మరింత ప్రకాశంగా వెలిగి, ఉషస్సు కార్చిన కన్నీటి బిందువులను తుడుస్తున్నాడని పాట భావం. మొత్తం ఎనిమిది పొట్టి పాదాలు. 1680లో రోములో ప్రదర్శించిన 'లొనెస్తా నెల్యి అమోరి' అనే సంగీత నాటకంలో ఒక పరిచారక బాలుడు దీన్ని పాడతాడు. స్వరకర్త అలెస్సాంద్రో స్కార్లాత్తికి అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. సింహాసనం వదులుకుని రోములో స్థిరపడ్డ స్వీడన్ రాణి క్రిస్టీనా అతని పోషకురాలు. రోములో సూర్యుడు గంగలో పొడవడమేమిటని నాకూ మొదట వింతగానే తోచింది. కాని ఇటలీ కవులకు గంగ అంటే తూర్పు దిక్కు. దాంతే 'పారదీసో' పదకొండవ సర్గలో అసీసీలో ఫ్రాన్సిస్ పుట్టుకను గంగ నుండి ఉదయించే సూర్యుడితో పోల్చాడు. కాశీలో మెట్ల మీద నిలబడి, అవతలి గట్టున పొద్దుపొడుపు చూసినవారికి ఆ ఊహ పరాయిదనిపించదు.

అయితే నేడు విద్యార్థులు పాడే పాట అచ్చంగా 1680 నాటిది కాదు. అలెస్సాంద్రో పారిసొత్తి అనే రోము నగరవాసి 1885 మొదలుకొని 'ఆరియె ఆంతికె' పేరిట మూడు సంపుటాలు కూర్చగా, మిలాన్‌లోని రికోర్డి సంస్థ ప్రచురించింది. పాత ప్రతుల్లో గాత్రానికి తోడుగా మంద్రస్వరాలు మాత్రమే ఉంటే, ఆయన వాటికి నిండు పియానో వాద్యం రాశాడు. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా పాడాలో తన కాలపు అభిరుచి ప్రకారం గుర్తులు పెట్టాడు. 1894లో న్యూయార్కులో షర్మర్ సంస్థ వీటి నుండి సంకలనం వేశాక అవే పాఠ్యగ్రంథాలయ్యాయి.

ఇంకో విడ్డూరం. 1736లో ఇరవై ఆరేళ్ళకే మరణించిన పెర్గొలేసి పేరిట ఆయన చేర్చిన 'సె తు మామి'కి అంతకు ముందరి ప్రతి ఏదీ దొరకలేదు. అది పారిసొత్తి సొంత రచనేనని పండితుల అనుమానం. స్ట్రావిన్‌స్కీ సైతం దాన్ని పెర్గొలేసిదే అనుకుని 1920 నాటి 'పుల్చినెల్లా'లో వాడుకున్నాడు. మన చాటుపద్యాల కర్తృత్వం ఎరిగినవారికి ఇది కొత్త కాదు. దురాంతె పేరిట ప్రచారంలో ఉన్న 'దాంజా, దాంజా' కథ వేరు. మాటలు లేని స్వరసాధన పాఠానికి తరువాతివారు సాహిత్యం తొడిగారు. ఆయన నేపుల్స్ సంగీత విద్యాలయాలలో గురువు. పాఠమే పాటయింది కనుక శిష్యుల గొంతుకు అది కుదరడంలో ఆశ్చర్యం లేదు.

కర్తృత్వం తేలలేదని ఈ పాటలను పక్కన పెట్టమనను, కాని పుస్తకంలో పేరు సరిగా ఉండాలి. లేకుంటే పారిసొత్తి గుర్తులనే స్కార్లాత్తి ఆజ్ఞలనుకుని పిల్లలు వల్లెవేస్తారు. 1991లో జాన్ గ్లెన్ పేటన్ మూల ప్రతులతో సరిచూసి ఇరవయ్యారు పాటలు ప్రచురించాడు. గంగ పాటకు ఆ ప్రతే మేలు. రాగం ఎత్తుకునే ముందు ఆ ఎనిమిది పాదాలను పద్యం చదివినట్టు నాలుగుసార్లు పైకి చదివించండి.