పొడి కళ్లకు రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్స

కనురెప్పల చుట్టూ ఉన్న చర్మాన్ని అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో వేడిచేసి, రెప్పల్లోని నూనె గ్రంథుల్లో గట్టిపడిన కొవ్వును కరిగించే పద్ధతి ఇది. ఆసుపత్రుల్లోకి వచ్చింది 21వ శతాబ్దంలోనే అయినా దీని వెనక రెండు పాత చరిత్రలు ఉన్నాయి. ఒకటి ఆ గ్రంథులది, రెండోది విద్యుత్తుతో ఒంటికి కాపడం పెట్టే వైద్యానిది.

జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పనిచేసిన వైద్యుడు హైన్రిక్ మైబోమ్ 1666లో ఈ గ్రంథులను వివరంగా వర్ణించాడు. నేటికీ వాటిని మైబోమియన్ గ్రంథులనే అంటారు. ఇవి పై రెప్పలో 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా వీటిలోంచి వచ్చే నూనె కన్నీటి మీద పలచటి పొరగా పరుచుకుని, నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. ఇంత ముఖ్యమైన పని చేస్తున్నా వైద్యుల దృష్టి చాలాకాలం నీటి మీదే ఉండిపోయింది. 1903లో ఒట్టో షిర్మర్ కింది రెప్పలో సన్నని కాగితం పెట్టి, అది ఎంత మేర తడిసిందో కొలిచే పరీక్ష తెచ్చాడు. 1933లో స్వీడన్ నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్, కీళ్లవాతంతోనూ నోరెండిపోవడంతోనూ కలిసివచ్చే పొడి కళ్ల జబ్బును వర్ణించాడు. రెండూ నీటి కొరత గురించినవే.

నూనె సంగతి 1980లో ముందుకొచ్చింది. అమెరికాలో డొనాల్డ్ కోర్బ్, ఆంటోనియో హెన్రికెజ్ కాంటాక్ట్ లెన్సులు పడనివాళ్ల రెప్పల్ని నొక్కి చూసి, గ్రంథుల నోళ్లు పూడుకుపోయి ఉన్నాయని గుర్తించారు. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, పొడి కళ్లున్నట్టు తేలినవారిలో 86 శాతం మందికి ఈ గ్రంథుల లోపం కనబడింది. కారణం ఇదైనప్పుడు కృత్రిమ కన్నీటి చుక్కలు ఒక్కటే సరిపోకపోవడంలో వింత లేదు.

విద్యుత్తు కథ పారిస్‌లో మొదలవుతుంది. సెకనుకు పదివేల సార్లకు మించి దిశ మార్చుకునే విద్యుత్తు కండరాలను కుదపకుండా ఒంటిని వెచ్చబరుస్తుందని 1890ల తొలినాళ్లలో ఆర్సెన్ ద'ఆర్సోన్వాల్ చూపాడు. తర్వాత జర్మనీలో కార్ల్ నాగెల్‌ష్మిట్ ఈ వైద్యానికి డయాథెర్మీ అని పేరుపెట్టాడు. 1926లో బోస్టన్‌లో విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో హార్వే కుషింగ్ మెదడు శస్త్రచికిత్సలు చేశాడు. ఇంకో ముప్పావు శతాబ్దం గడిచాక, 2002లో అమెరికాలో ఒకే ఏడాది రెండు అనుమతులు వచ్చాయి. ఒకటి దూరదృష్టి సవరించడానికి కార్నియా అంచుల్ని రేడియో తరంగాలతో వేడిచేసే పద్ధతికి, మరొకటి కళ్ల చుట్టూ ముడతలు తగ్గించే యంత్రానికి. పొడి కళ్ల వైద్యం పుట్టుకొచ్చింది ఈ రెండోదాని వైపు నుంచే.

దారి చూపింది మాత్రం వేరే పరికరం. టెన్నెసీ వైద్యుడు రోలాండో టోయోస్ 2000ల తొలినాళ్లలో, ముఖం ఎర్రబారే రోసేషియా జబ్బుకు ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అనే కాంతి చికిత్స తీసుకున్నవారికి పొడి కళ్ల బాధ కూడా తగ్గడం గమనించాడు. 2011లో లిపిఫ్లో అనే పరికరం వచ్చింది. అది రెప్పను లోపలి వైపు నుంచి 42.5 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తూ 12 నిమిషాల పాటు నొక్కుతుంది. చర్మవైద్యం కోసం తయారైన రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాలను కూడా నేత్రవైద్యులు ఇదే పనికి వాడసాగారు. మన చర్మాలకు ఇందులో ఒక మేలుంది. ఐపీఎల్ కాంతిని చర్మంలోని రంగు పీల్చుకుంటుంది కాబట్టి నల్లని ఒంటికి బొబ్బలు, మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. రేడియో ఫ్రీక్వెన్సీలో వేడి పుట్టేది విద్యుత్తుకు కణజాలం చూపే నిరోధం వల్ల. దానికి రంగుతో పనిలేదు.

చికిత్సప్పుడు కన్నుగుడ్డుకు రక్షణ కల్పించి, రెప్పల చుట్టూ జెల్ రాస్తారు. చేతి పరికరాన్ని కింది రెప్ప నుంచి కణతల దాకా ఒకచోట ఆపకుండా తిప్పుతూ, చర్మాన్ని 40 డిగ్రీలకు కాస్త పైన ఉంచుతారు. చలికాలంలో పేరుకున్న నెయ్యిలా ఉన్న గ్రంథుల కొవ్వు ఆ వేడికి మెత్తబడగానే రెప్పను నొక్కి బయటికి తీస్తారు. ఈ నొక్కుడు మానేస్తే వేడి పెట్టిన ఫలితం సగం పోయినట్టే. పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు సాధారణంగా చేయరు. ఇటలీలో వచ్చిన క్వాంటమ్ మాలిక్యులర్ రెజొనెన్స్ దీనికి దాయాది. అందులో 4 నుంచి 64 మెగాహెర్ట్జ్ విద్యుత్తును తక్కువ శక్తితో, మూసిన రెప్పల మీదుగా, వారానికోసారి చొప్పున నాలుగుసార్లు పంపుతారు.

రుజువుల మాటకొస్తే, రేడియో ఫ్రీక్వెన్సీ ఇంకా వెనకబడే ఉంది. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రకటించిన చికిత్సల వరుసలో మొదట వేడి కాపడం, రెప్పల శుభ్రత ఉన్నాయి. తర్వాతి మెట్టులో వేడి పరికరాలు, ఐపీఎల్ ఉన్నాయి. రేడియో ఫ్రీక్వెన్సీ మీద జరిగిన పరిశీలనలు చాలావరకు చిన్నవి, కొద్ది నెలలవి. కొన్నిటిలో ఐపీఎల్‌ను కూడా కలిపి చేయడంతో ఫలితం దేని వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. ఖరీదైన ఈ చికిత్సకు ముందు గ్రంథుల ఫోటో తీయించి, అవి ఎంతవరకు మిగిలి ఉన్నాయో చూడమని అడగడం రోగి హక్కు. ఎండి కుంచించుకుపోయిన గ్రంథిని ఏ వేడీ తిరిగి మొలిపించదు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ లాంటి జబ్బులతో కన్నీరే ఇంకిపోయినవారికి దారి వేరు. అలాంటివారికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథుల్ని కంటిలోకి మార్చే శస్త్రచికిత్స చేస్తున్నారు.