రాళ్ళేరిన ముప్పై ఏళ్ళు

బియ్యంలో రాళ్ళేరడం తెలిసిన పనే. కానీ రాయికీ గింజకీ రంగులో, బరువులో తేడా కనిపించకపోతే? పైగా ప్రతి మూడింటిలో ఒకటి రాయే అయితే? కార్బన్ నానోట్యూబులతో కంప్యూటర్ చేద్దామనుకున్నవాళ్ళకి ఎదురైన తిప్పలు ఇవే.

1991లో జపాన్‌లోని సుకుబాలో, ఎన్.ఇ.సి. లాబ్‌లో సుమియో ఇజిమా ఈ గొట్టాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాడు. (ఇలాంటివాటి ఫొటోలు 1952లోనే ఒక సోవియట్ పత్రికలో అచ్చయ్యాయి. అవి రష్యన్‌లో ఉండిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.) అసలు చిక్కు మరుసటి ఏడాది కాగితం మీద లెక్కల్లో తేలింది. తేనెపట్టులాంటి కార్బన్ అల్లికను ఏ కోణంలో చుట్టామన్నదాన్ని బట్టి గొట్టం లోహమైనా అవుతుంది, సెమీకండక్టరైనా అవుతుంది. మూడో వంతు లోహమే. ట్రాన్సిస్టర్‌కి అది పనికిరాదు, స్విచ్ ఆపినా కరెంటు పారుతూనే ఉంటుంది.

2001లో ఐబీఎం వాళ్ళది మొరటు ఉపాయం. సెమీకండక్టర్లను ఆఫ్‌లో పెట్టి, కరెంటు పెంచి లోహపు గొట్టాలను కాల్చేశారు. ఇది ఏరడం కాదు, తగలబెట్టడం. రెండేళ్ళకి డ్యూపాంట్‌లో మింగ్ ఝెంగ్ బృందం గొట్టాలకు డీఎన్ఏ పోగులు చుట్టి వేరు చేసింది.

నాకు ఎక్కువ నచ్చింది 2006 నాటి కథ. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో మైకేల్ ఆర్నాల్డ్, మార్క్ హెర్సమ్‌లు జీవశాస్త్రం లాబ్ నుంచి ఒక పాత పద్ధతిని అరువు తెచ్చుకున్నారు. పైనుంచి కిందికి చిక్కబడుతూ పోయే ద్రవంలో సరుకు వేసి, సెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి గిరగిరా తిప్పడం. డీఎన్ఏ ఎలా రెండవుతుందో 1958లో మెసెల్సన్, స్టాల్ తేల్చింది ఇలాగే. బరువులో తేడా లేని గొట్టాలు ఎందుకు విడిపోతాయి మరి? కిటుకంతా సబ్బులో ఉంది. మన పేగుల్లో కొవ్వు అరగడానికి సాయపడే పిత్త లవణాలు గొట్టం లావును బట్టి వేరువేరుగా అంటుకుంటాయి. ఇంకో సబ్బు కలిపితే లోహానికీ సెమీకండక్టర్‌కీ కూడా తేడా చూపిస్తాయి. ఎక్కడి పైత్యరసం, ఎక్కడి ఎలక్ట్రానిక్స్! మసిలాంటి నల్లటి సరుకు చివరికి పరీక్షనాళికలో రంగురంగుల చారలుగా నిలబడింది.

2011లో మళ్ళీ సుకుబాలోనే కతౌరా బృందం జెల్ గుండా పోనిచ్చి 13 రకాలను విడివిడిగా తీసింది.

ఇంత చేసినా చిప్‌కి చాలలేదు. పెద్ద చిప్‌కి 99.999999 శాతం శుద్ధి కావాలని లెక్క. 2019లో ఎంఐటీలో మ్యాక్స్ షులాకర్ బృందం 14,000కి పైగా నానోట్యూబ్ ట్రాన్సిస్టర్లతో ప్రాసెసర్ చేసింది, 99.99 శాతంతోనే. పదివేలకో రాయి ఉన్నా పంటికి తగలకుండా సర్క్యూట్‌నే మార్చి గీశారు. ఆ చిప్ అందరికీ తెలిసిన మాటే పలికింది: ‘హలో, వరల్డ్!’