ఈనామా? జీతమా?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు పోయి నాలుగైదు మాసాలు ఉండి వచ్చిన తలిదండ్రులు ఇప్పుడు మన పట్టణాలలో వీధికి ఒకరైనా కనిపిస్తారు. వారు చెప్పే కబుర్లలో ఒకటి తప్పనిసరిగా హోటలు బిల్లును గురించి ఉంటుంది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి చెప్పినది ఇది. ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేస్తే 90 డాలర్లు అయినదట. అబ్బాయి ఆ అంకె క్రింద మరొక 18 డాలర్లు తన చేతితో వేసి సంతకం పెట్టినాడట. పెద్దాయన ఆ 18 డాలర్లను మనస్సులోనే రూపాయలలోకి మార్చుకొని, "ఎందుకురా ఈ దండుగ? వడ్డించిన పిల్లకు హోటలు యజమాని జీతం ఇవ్వడం లేదా?" అని అడిగినాడట. "సరిగా ఇవ్వడం లేదు నాన్నగారూ, అందుకే" అన్నాడట కొడుకు.

పెద్దాయన అమాయకంగా అడిగినా, అడగవలసిన ప్రశ్నే అడిగినాడు. ఆ దేశంలో శాసనసభలూ, న్యాయస్థానాలూ, కార్మిక సంఘాలూ నూరేండ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకొంటున్నది ఈ ప్రశ్నతోనే.

మనకు ఈనాము, బక్షీసు అన్న మాటలు క్రొత్తవి కావు. మనస్సుకు నచ్చితే ఇచ్చేది ఈనాము. మాట ప్రకారం ఇచ్చి తీరవలసినది జీతం. ఒకటి ఇవ్వకపోతే పిసినారి అంటారు, రెండవది ఇవ్వకపోతే దావా వేస్తారు. ఈ రెండింటికీ నడుమ ఉన్న గట్టు ఎక్కడ, ఎట్లా చెరిగిపోయినది అన్నదే అమెరికా టిప్పు కథ.

టిప్పు అన్న మాటకు "త్వరగా పని జరగడానికి" అనే అర్థం గల మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కలిపి ఒక వ్యుత్పత్తి చెప్తూ ఉంటారు. అది తరువాతి కాలంలో ఎవరో సరదాకు అల్లినది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండు దొంగల పరిభాషలో ఆ మాటకు "ఇటు అందించు" అని అర్థం. పెద్దమనుషుల భోజనపు బల్లమీదికి ఈ మాట దొంగల సందులోనుంచి నడచి వచ్చినదన్నమాట.

మాట సంగతి ఎట్లా ఉన్నా ఆచారం మాత్రం దొరల ఇండ్లలో పెరిగినది. పద్ధెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో ఒక ప్రభువు ఇంటికి విందుకు పోయినవాడు తిరిగి బయటపడడం అంత సులభం కాదు. గుమ్మం వరకూ నౌకర్లు బారులు తీరి నిలబడేవారు. టోపీ అందించినవానికి, చేతికర్ర అందించినవానికి, గుర్రాన్ని పట్టుకొన్నవానికి, అందరికీ చేతులు తడపవలసిందే. ఈ సుంకాన్ని "వేల్స్" అనేవారు. న్యూకాజిల్ ప్రభువు ఇంట భోజనం చేసి వస్తున్న ఒక అతిథి వంటవాని చేతిలో వెండి నాణెం పెట్టగా, వాడు "నేను వెండి పుచ్చుకోనండీ" అన్నాడనీ, ఆయన "నేను బంగారం ఇవ్వను" అని నాణెం తిరిగి జేబులో వేసుకొన్నాడనీ ఒక కథ ఉన్నది. 1760లో జోనాస్ హాన్వే ఈ దురాచారాన్ని ఖండిస్తూ ఒక లేఖల పుస్తకమే ప్రకటించినాడు. లండను వీధులలో నలుగురూ నవ్వుతున్నా లెక్కచేయక గొడుగు వేసుకొని తిరిగిన మగవాడు కూడా ఈయనే. ఒకరు నవ్వుతారని వెరచే మనిషి కాడు. వేల్స్ ఇవ్వరాదని కొందరు పెద్దలు కట్టుబాటు చేసుకొనగా, 1764లో లండనులోని రానెలా ఉద్యానంలో నౌకర్లు దొమ్మీకి దిగినారు.

నౌకర్ల దొమ్మీని సమర్థించనక్కరలేదు గాని, వారి గోడులో న్యాయం లేకపోలేదు. "వేల్స్ వస్తవి గదా" అని వారికి జీతాలు తక్కువగా కుదిర్చినది ఆ యజమానులే. ఇప్పుడు వేల్స్ తీసివేస్తే జీతం పెంచాలి గదా? ఆ మాట ఎత్తినవారు తక్కువ.

ఇక అట్లాంటిక్ సముద్రం దాటుదాము. యూరపు యాత్రలు చేసి వచ్చిన అమెరికా ధనికులు ఈ అలవాటును తమతో తెచ్చినారు. రాజులూ ప్రభువులూ లేని దేశంలో ఒక పౌరుడు మరొక పౌరుని ముందు చేయి చాచడమేమిటని మొదట చాలమంది ఈసడించుకొన్నారు. అయినా అది వేళ్ళు తన్నుకొన్నది. ఎందుకంటే 1865లో అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దై, లక్షలాది నల్లజాతివారు స్వేచ్ఛ పొందినారు. స్వేచ్ఛ వచ్చినది గాని భూమి రాలేదు, చదువు రాలేదు. వారికి తెరచి ఉన్న కొద్ది తలుపులలో హోటళ్ళు, రైళ్ళు ముఖ్యమైనవి. ఆ యజమానులు వారిని పనిలో పెట్టుకొన్నారు; జీతం మాత్రం పేరుకు ఇచ్చినారు, కొన్నిచోట్ల అదీ లేదు. మిగిలినది ప్రయాణికుల దయ.

ఇందులో అందరికంటె పేరు మోసినది పుల్మన్ కంపెనీ. జార్జి పుల్మన్ 1867లో స్థాపించిన ఈ సంస్థ పడక సౌకర్యాలు గల రైలుపెట్టెలను నడిపేది. వాటిలో పక్కలు వేయడానికి, సామాను మోయడానికి, రాత్రి అందరూ నిద్రపోయిన తరువాత వారి బూట్లకు మెరుగు పెట్టడానికి నల్లజాతి పోర్టర్లను పెట్టినారు. బూట్ల మెరుగుకు కావలసిన నల్లరంగు పోర్టరే తన డబ్బుతో కొనుక్కోవాలి. నెలకు 400 గంటల పని. ఎవని పేరు ఏదైనా సరే, ప్రయాణికులు వానిని "జార్జి" అనే పిలిచేవారు. బానిసను యజమాని పేరుతో పిలిచిన పూర్వపు అలవాటు అది.

1915లో అమెరికా ప్రభుత్వం నియమించిన పారిశ్రామిక సంబంధాల సంఘం ముందుకు ఈ వ్యవహారం వచ్చినది. పోర్టరు నెలజీతం 27 డాలర్ల 50 సెంట్లు అని అక్కడ తేలినది. కంపెనీ పక్షాన సాక్ష్యం చెప్పడానికి వచ్చిన బోర్డు అధ్యక్షుని పేరు రాబర్టు టాడ్ లింకన్. అవును, బానిసలకు విముక్తి ప్రకటించిన అబ్రహాం లింకన్‌గారి కుమారుడే. చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇటువంటి పాత్రలను తెచ్చి నిలబెడుతుంది. నాటకంలో వ్రాస్తే అతిశయోక్తి అంటాము.

1925 ఆగస్టు 25న న్యూయార్కులోని హార్లెంలో పోర్టర్లు ఒక సంఘం పెట్టుకొన్నారు. నాయకుడు ఏ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన ఎన్నడూ పోర్టరుగా పని చేసినవాడు కాడు; కనుకనే కంపెనీ ఆయనను ఉద్యోగంలోనుంచి తీసివేయలేకపోయినది! సరిగా పన్నెండేండ్లకు, 1937 ఆగస్టు 25న, కంపెనీ ఒప్పందంమీద సంతకం పెట్టినది. నెలకు 400 గంటల పని 240 గంటలకు దిగినది, జీతాలు పెరిగినవి. ఇదే రాండాల్ఫ్ 1963లో వాషింగ్టను మహాప్రదర్శనకు పెద్ద దిక్కుగా నిలిచినాడు. టిప్పుమీద బ్రతకడానికి నిరాకరించిన మనుష్యుల సంఘంలోనుంచి అంత పెద్ద ఉద్యమానికి బలం చేకూరినది.

హోటళ్ళలో వడ్డించే స్త్రీల కథ దీనికి ప్రక్కనే నడచినది. ఫ్రెడ్ హార్వే అనే ఆయన పడమటి రైలుమార్గం వెంట భోజనశాలలు పెట్టి, 1883 నుంచి వాటిలో వడ్డనకు యువతులను నియమించినాడు. నల్లని గౌను, దానిమీద తెల్లని ఏప్రన్. సంస్థవారి వసతిగృహంలోనే నివాసం. రాత్రి పది గంటలకు లోపల ఉండి తీరాలి. నెలకు 17 డాలర్ల 50 సెంట్లు, భోజనం, వసతి, ఆపైన టిప్పులు. రైలు ఆగిన కొద్ది నిమిషాలలో బండెడు మందికి వడ్డించాలి గనుక వారు ఒక చక్కని ఉపాయం కనిపెట్టినారు. కాఫీయా, టీయా, పాలా అని ఒక పిల్ల అడిగి, జవాబును బట్టి కప్పును బోర్లించో, వెల్లకిలగానో, సాసరుకు ఆనించో పెట్టి పోయేది. వెనుక వచ్చే పిల్ల నోరు విప్పకుండా ఎవరి పానీయం వారికి పోసేది. ప్రయాణికులకు అది ఇంద్రజాలం. వడ్డన కూడా ఒక విద్య అని ఒప్పుకోనివారు ఈ కప్పులను తలచుకోవాలి.

పట్టణపు హోటళ్ళలో ఇంత క్రమం లేదు. సియాటిల్‌లో 1900లో ఆలిస్ లార్డ్ అనే వడ్డనకత్తె తోటివారిని కూడగట్టి సంఘం పెట్టినది. ఆ దేశంలో స్త్రీలు స్థాపించిన తొలి కార్మిక సంఘాలలో అది ఒకటి. అప్పుడు వారంలో ఏడు రోజులూ పనే, రోజుకు పది గంటలకు తక్కువ లేదు. ఆమె ఏండ్ల తరబడి శాసనసభ చుట్టూ తిరిగి, 1911లో వాషింగ్టను రాష్ట్రంలో స్త్రీలకు ఎనిమిది గంటల పనిదినం సాధించినది.

అదే రాష్ట్రం అంతకు రెండేండ్ల ముందు, 1909లో, టిప్పును నేరంగా చేస్తూ ఒక చట్టం చేసినది. మరికొన్ని రాష్ట్రాలు దాని అడుగుజాడలలో నడచినవి. ఏ ఒక్కటీ నిలువలేదు. వాషింగ్టను 1913లోనే తన చట్టాన్ని రద్దు చేసుకొన్నది; చివరిదైన మిసిసిపీ చట్టం 1926లో పోయినది. జీతం మాట తేల్చకుండా టిప్పును మాత్రం నిషేధిస్తే, ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ కలిసి చట్టాన్ని బల్లక్రిందికి నెట్టివేస్తారు. అదే జరిగినది. మర్యాదలను గురించి 1922లో పెద్ద గ్రంథం వ్రాసిన ఎమిలీ పోస్ట్ ఈ పద్ధతి హుందా అయినది కాదని ఒప్పుకొంటూనే, ఉన్నది గనుక పాటించక తప్పదని, బిల్లుమీద పదవ వంతు ఇవ్వవలసినదని వ్రాసినది. ఆ పదవ వంతే తరువాత నూటికి పదిహేను అయి, ఇప్పుడు ఇరవైకి చేరినది.

ఇక అసలు ముడి. 1938లో రూజ్వెల్టు ప్రభుత్వం కనీస వేతన చట్టం తెచ్చినప్పుడు హోటళ్ళలో వడ్డించేవారు దాని నీడలోకి రాలేదు. 1966లో రానిచ్చినారు గాని ఒక మెలిక పెట్టినారు. వచ్చే టిప్పును లెక్కలోకి తీసుకొని, కనీస వేతనంలో సగం వరకు యజమాని తగ్గించుకోవచ్చునన్నారు. అంటే గిరాకీదారు ఇచ్చిన ఈనాము మొదట పోయి చేరేది యజమాని బాకీ ఖాతాలోకి. 1991లో కనీస వేతనం గంటకు నాలుగుంపావు డాలర్లు అయినప్పుడు, ఇందులో సగం 2 డాలర్ల 13 సెంట్లు. 1996లో ఆ అంకెను అక్కడనే బిగించివేసినారు. సాధారణ కనీస వేతనం 2009 నాటికి 7 డాలర్ల 25 సెంట్లకు పెరిగినది. ఇది మాత్రం కదలలేదు. టిప్పులతో కలిపినా కనీసానికి చాలకపోతే తక్కువైనది యజమాని పూరించాలని చట్టంలో ఉన్నది. రాత్రి పదకొండు గంటలకు కాళ్ళు పీకుతున్న పిల్ల తన గంటలు తాను లెక్కకట్టి, యజమానిని నిలబెట్టి అడగాలి గదా!

ఆమె పని మనం చూచే వడ్డనతో ముగియదు. హోటలు తెరవకముందు వచ్చి ఉప్పు, మిరియాల బుడ్లు నింపాలి. కత్తులూ ఫోర్కులూ రుమాళ్ళలో చుట్టాలి. మూసిన తరువాత బల్లలు తుడవాలి. ఆ గంటలలో టిప్పు ఇచ్చేవారెవరూ ఉండరు. వచ్చిన టిప్పులో కూడా ఎంగిలి పళ్ళేలు తీసే కుర్రవానికీ, పానీయాలు కలిపేవానికీ వాటా పోతుంది. వాన పడి జనం రాకపోతే ఆనాటి నష్టంలో పెద్ద భాగం ఆమెదే. పైగా చేయి చాచవలసిన స్థితిలో ఉన్నవారు గిరాకీదారు వెకిలి మాటను నవ్వి ఊరుకోవలసి వస్తుంది. డాలర్లలో లెక్కకు రాని ఖర్చు అది.

2025లో అమెరికా ప్రభుత్వం ఒక క్రొత్త చట్టంలో, ఏటా 25,000 డాలర్ల వరకు టిప్పుల ఆదాయంమీద పన్ను మినహాయింపు ఇచ్చినది. ఇది 2028 వరకు. పన్ను వదలుకొన్నది ప్రభుత్వం. 2 డాలర్ల 13 సెంట్ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

అన్ని రాష్ట్రాలూ ఒక్క తీరుగా లేవు. కాలిఫోర్నియా, ఆరిగన్, నెవాడా, మోంటానా, మినెసోటా, అలాస్కా, వాషింగ్టను, ఈ ఏడింటిలో టిప్పు వచ్చినా రాకపోయినా యజమాని పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. ఆలిస్ లార్డ్ తిరిగిన వాషింగ్టనులో 2025లో అది గంటకు 16 డాలర్ల 66 సెంట్లు. బిల్లు అడుగున టిప్పు గడి అక్కడా ఉన్నది. జనం అక్కడా ఇస్తూనే ఉన్నారు.

మా పెద్దమనిషి కొడుకు కాపురం ఉన్నది టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో. ఆ ఏడింటిలో అది లేదు.