సిగ్నలు తీగలకు పిడుగునుండి రక్షణ

వాడి నుండి సికింద్రాబాదుకు రైలుమార్గము 1874లో ఏర్పడినది. ఆనాటి రైలుమార్గముల వెంట స్తంభములపై తంతితీగలు సాగుచుండెడివి. మైళ్ళకొలది ఆరుబయట సాగు తీగకు పిడుగు పెద్ద శత్రువు. అది తీగపైననే పడనక్కరలేదు. సమీపమున పడినను తీగలో క్షణకాలము గొప్ప వోల్టేజి పుట్టును.

దీనికి నాటి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము సులభమైనది. రెండు లోహపు పలకలను తాకీ తాకనట్లు అమర్చి, ఒకదానిని తీగకు, రెండవదానిని భూమికి కలిపిరి. మామూలు వోల్టేజి ఆ సందును దాటలేదు. పిడుగు వోల్టేజి నిప్పురవ్వగా దాటి భూమిలోనికి పోవును. అయితే మామూలు గాలిలో నిప్పురవ్వ పుట్టుటకు మూడువందల వోల్టులకు పైగా కావలెను. తంతి యంత్రములలోని రాగిచుట్టలు ఆ మాత్రము దెబ్బకు ఓర్చుకొనెడివి.

1957లో సికింద్రాబాదున రైల్వే సిగ్నలు, టెలికమ్యూనికేషను శిక్షణసంస్థ నెలకొన్నది. తరువాత రైల్వేలలో 25,000 వోల్టుల పైతీగ వ్యాపించినది. దాని ప్రభావమున ప్రక్క తీగలలోను వోల్టేజి ప్రేరితమగును. మరొకవైపు, రిలేలు చేయు పనిని క్రమముగా ట్రాన్సిస్టరులు, ఐ.సి.లు చేపట్టినవి. ఇవి కొన్ని పదుల వోల్టులకే చెడిపోవును. పాత కావలివాడు మేల్కొనులోపలనే ఇల్లు కాలిపోవునన్నమాట!

ఇచ్చట అక్కరకు వచ్చినది అర్ధవాహక డయోడు. తీవ్రమైన విద్యుత్ క్షేత్రమున నిరోధకపదార్థము సైతము విద్యుత్తును ఎట్లు వదలునో క్లారెన్స్ జీనరు 1934లో వివరించెను. జీనరు డయోడునకు ఆయన పేరే వచ్చినది. దానికి బంధువైన రక్షక డయోడు, హద్దు దాటిన వోల్టేజిని రెప్పపాటుకన్న ఎంతో వేగముగా అణచివేయును.

దీనిని ఎన్నుకొనుట ఎట్లు? 24 వోల్టుల సిగ్నలు బ్యాటరీ ఛార్జి అగునపుడు సుమారు 28 వోల్టులకు చేరును. కావున 30 వోల్టుల వరకు కదలని డయోడు తగును. 600 వాట్ల రకము ఉప్పెనవేళ 48 వోల్టుల వద్ద 12 ఆంపియర్లు మోయగలదు. రెండింటిని గుణించి చూడుడు. రక్షింపవలసిన పరికరము ఆ 48 వోల్టులకు తాళగలిగి ఉండవలెను. ఎక్కువ వోల్టేజి వలయమైనచో ఒకే రకపు డయోడులను వరుసగా కలుపుదురు. పది కలిపిన హద్దు 300 వోల్టులగును. మోయగల శక్తియు పదిరెట్లగును. ప్రవాహము మాత్రము 12 ఆంపియర్లే.

పిడుగు ప్రవాహము వేల ఆంపియర్లు. కనుక నిప్పురవ్వ సాధనమును విడువరాదు. అది ముందు, డయోడు వెనుక, నడుమ తీగచుట్ట ఉండవలెను. నడుమ చుట్ట లేనిచో వేగము కల డయోడే భారమంతయు మోసి మాడిపోవును.

సిగ్నలు యంత్రము చెడినచో ఎర్రదీపమే వెలుగునట్లు నిర్మింతురు. అందుచే ప్రమాదము తప్పును గాని రైళ్ళు నిలిచిపోవును. ఆ నిలుపుదలను తప్పించుటకే పాతదియు క్రొత్తదియు నేటికిని కలిసి కాపలా కాయుచున్నవి.