కోనసీమయందు ఉన్నతవిద్యావ్యాప్తి

ఉన్నతవిద్య అందఱకు లభించినచో సంఘమునకు మేలగునా, పనిలేని పట్టభద్రులు పెరిగి కీడగునా యను చర్చ మన మహాసభలలో ఏటేట వినవచ్చుచున్నది. దీనికి తర్కముకంటె చరిత్రమే మంచి సాక్షి యని మాకు తోచినది.

కోనసీమ అగ్రహారములలో వేదాధ్యయనము తరతరములుగా నుండెను. కాని ఆ విద్యకు పుట్టుకయే హద్దు. సంస్కృతము చదివి దానివలననే జీవించిన మేము ఈ మాట చెప్పుటకు సంకోచింపము.

1832–33 నాటి నందన కరవు గోదావరి మండలమును పాడువెట్టెను. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. గన్నవరమువద్ద అక్విడక్టు కట్టి, వైనతేయనదిమీదుగా నగరము లంకకు సైతము కాలువనీరు కొనిపోయిరి. వరిచేలు, కొబ్బరితోటలు గలవారి చేత సొమ్ము నిలిచెను. ఆ సొమ్ముతోనే వారి బిడ్డలు రాజమహేంద్రవరమునకును, 1884లో కళాశాలయైన కాకినాడ పిఠాపురము రాజావారి విద్యాలయమునకును చదువులకు పోయిరి. భూమి గలవాడు చదివి, ప్లీడరై, మరల భూమి కొనెను. దున్నువాని కుమారుడు చేనిలోనే యుండెను. తొలితరమున కళాశాల చేసిన పని యింతియే.

మార్పు వసతిగృహముతో వచ్చెను. 1904 మొదలు 1919 వరకు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు, పిఠాపురము మహారాజావారి అండతో, అంటరానివారనబడిన వారి పిల్లలకు కాకినాడలో వసతిగృహము నెలకొల్పిరి. స్త్రీలకును కళాశాల తలుపు తెఱచిరి. పూటకు అన్నము, రాత్రికి దీపము లేనివానికి ప్రవేశపత్ర మెందులకు? ఆ మర్మము వారు గ్రహించిరి.

రాజోలు ప్రాంతపు మామిడికుదురున 1911లో పేద దళితకుటుంబమున జన్మించిన బోయి భీమన్నగారు పట్టభద్రులై, కవులై, 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందిరి. వారి ‘పాలేరు’ నాటకమున పాలేరుబాలుడు చదివి డిప్యూటీ కలెక్టరగును. 1951లో అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసెను. ఏఱు దాటి పోలేని ఆడుబిడ్డలకు అది గొప్ప ఉపకారము. అదే యేట యెదుర్లంకలో పుట్టిన బాలయోగిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి, 1998లో లోకసభాధ్యక్షులైరి. ఆ పీఠమెక్కిన తొలి దళితులు వారే.

ఇక రెండవ పక్షము. ప్రభుత్వము రుసుము చెల్లింపసాగిన పిదప ఇంజనీరింగు పట్టములు కూలివారి యిండ్లకును వచ్చెను. మాయొద్ద చదివినవారు కొందఱు అమెరికాలో నున్నారు. తరగతిలో ప్రథముడైన యొక బాలుడు మాత్రము, పట్టము చేతబట్టియు, తండ్రివలెనే కొబ్బరిదింపునకు పోవుట మేము చూచితిమి. మమ్ము చూచి యతడు తల వంచుకొనెను, మేమును వంచుకొంటిమి.

మఱియొక సంగతి. కొలంబియా, లండను విశ్వవిద్యాలయములలో డాక్టరేటులు పొందిన అంబేడ్కరుగారి పేరు మన జిల్లాకు పెట్టరాదని 2022 మే 24న అమలాపురమున అల్లరి చెలరేగి, మంత్రిగారి యిల్లు తగులబడెను. ఇన్ని కళాశాలలున్న పట్టణమున జరిగిన పని యిది! తరగతిలో ఒకే బల్లపై కూర్చున్నవారు సాయంకాలము వేర్వేరు కులముల వసతిగృహములకు పోవుచున్నంతకాలము ఇట్టివి మాకు ఆశ్చర్యము గొలుపవు.

మన సంఘపు వసతిగృహమున ఖాళీగదులు గలవనియు, ఇతర కులముల పేదపిల్లలకు ఇచ్చుటకు నియమావళి అడ్డమనియు కార్యదర్శిగారు సెలవిచ్చిరి. ఆ నియమమును ఈ మహాసభయందే సవరింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము.