నీలగిరి నీడలో హొసకోటె నీరు

హొసకోటె అంటే కొత్తకోట. సుగటూరు పాలెగాడైన తమ్మేగౌడ క్రీ.శ. 1595లో ఇక్కడ కోట కట్టించి, దానితోపాటే పెద్ద చెరువును నిర్మింపజేశాడని చరిత్ర చెబుతున్నది. సుమారు రెండు మైళ్ళ కట్ట, నిండినప్పుడు పది మైళ్ళ చుట్టుకొలత గల జలరాశి అని మైసూరు గెజిటీరులో రైస్ దొర వర్ణించినది ఈ చెరువునే. ఊరికి రక్షణ కోటగోడ మాత్రమే కాదు, నీరు కూడానని ఆనాటివారు ఎరుగుదురు.

నంది కొండల సీమలో పుట్టిన ఉత్తర పినాకిని మన పెన్నానదియై అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల మీదుగా సముద్రాన్ని చేరుతుంది. ఆ సీమలోనే పుట్టిన దక్షిణ పినాకిని హొసకోటె మీదుగా తమిళనాడుకు సాగుతుంది. ఏడాది పొడవునా పారే నది లేని ఈ మెట్టనేలలో పూర్వులు గొలుసుకట్టు చెరువులు ఏర్పరచారు. ఎగువ చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండేది. చెరువులో ఉన్న నీటిని బట్టి మడి, మిగిలిన మెట్టలో రాగి. వాడకానికి హద్దును నీరే నిర్ణయించేది.

ఆ హద్దు చెరిగిపోయిన కథలో ఒక చెట్టుకు ముఖ్యపాత్ర ఉన్నది. ఆంధ్రదేశంలో జామాయిల్ అని, ఇక్కడ నీలగిరి అని పిలిచే ఈ చెట్టు ఆస్ట్రేలియా ఖండానిది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను దీనిని నందికొండపై నాటించాడని ప్రతీతి. నదులకు పుట్టినిల్లయిన ఆ కొండమీదనే, నీటిని విరివిగా తాగే చెట్టు కూడా వేళ్ళూనుకోవడం గమనింపదగిన విశేషం. ఆ తోటల నుండి వచ్చిన సంకరజాతి ‘మైసూరు గమ్’ అనే పేరుతో తరువాత దేశమంతటా వ్యాపించింది.

1980 దశకంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో సామాజిక అటవీ పథకం అమలైంది. వంటచెరకు కొరత తీర్చడం, బంజరు భూములను పచ్చగా మార్చడం దాని ఆశయాలు. కాని బెంగుళూరు, కోలారు జిల్లాలలో రాగి పండే పొలాలు సైతం నీలగిరి తోపులైనవి. దీనికి కారణాలు స్పష్టమే. ఒకసారి నాటితే చాలు, కూలీల ఖర్చు తక్కువ. పశువులు ఆకు ముట్టవు. కొన్నేళ్ళకు నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. కాగితపు మిల్లులకు, రేయాన్ పరిశ్రమకు గుజ్జుకర్ర, పెరుగుతున్న నగరానికి సెంట్రింగు కర్రలు కావలసి ఉండగా అమ్మకానికి కొదువ లేదు.

ఈ చెట్టు భూగర్భజలాన్ని పీల్చివేస్తుందని రైతులు, ఇది అపోహ అని కొందరు అధికారులు వాదించుకున్నారు. ఆ వాదాన్ని పరీక్షించిన చోట్లలో హొసకోటె ఒకటి. బ్రిటన్‌లోని జలవిజ్ఞాన సంస్థ, కర్ణాటక అటవీశాఖ, మైసూరు పేపర్ మిల్స్ కలిసి జరిపిన పరిశోధనల ఫలితాలను ఇయాన్ కాల్డర్, ఆయన సహచరులు 1990 దశకంలో ప్రకటించారు. మధ్యరకం లోతుగల నేలల్లో నీలగిరి వాడే నీరు స్థానిక అడవి వాడే నీటికన్నా ఎక్కువ కాదు. కాని రాగిపైరు వాడే దానికి దాదాపు రెండింతలు. నేల లోతుగా ఉన్న హొసకోటె తోటలో మాత్రం చెట్లు వాడిన నీరు కురిసిన వానను మించింది. వేళ్ళు ఏడాదికి 2.5 మీటర్లకు మించిన వేగంతో లోతుకు దిగి, నేల పొరలలో ఏళ్ళ తరబడి నిలిచిన తేమను పైకి లాగినవి. రాగి కోతతో దాహం తీరుతుంది. నిత్యహరితమైన నీలగిరికి వేసవిలోనూ దాహమే.

నేరం చెట్టుది కాదు. దానిని వరుసలు వరుసలుగా నాటింపజేసింది మనుషుల అవసరం. కలపగుజ్జుతో చేసిన కాగితం, రేయాన్ చీర, అంతస్తులు లేపిన కర్ర — వీటి ధరలో కూలి ఉన్నది, లారీ బాడుగ ఉన్నది, లాభం ఉన్నది. నీటి ఖరీదు మాత్రం లేదు. ఆ ఖరీదును చెల్లించింది కొన్నవాడు కాదు, అమ్మినవాడూ కాదు; తోపు పక్కన బావి నమ్ముకున్న చిన్నరైతు. బావి ఎండితే బోరు, బోరు ఎండితే మరింత లోతైన బోరు. నగరం విస్తరించి రాజకాలువలు మూసుకుపోవడం ఈ కష్టానికి తోడైంది.

2017లో కర్ణాటక ప్రభుత్వం నీలగిరిని కొత్తగా నాటడాన్ని నిషేధించింది. 2018లో బెంగుళూరు వాడిన నీరు శుద్ధియై కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం ద్వారా కోలారు చెరువులకు చేరసాగింది. నాణ్యతపై వివాదాలు రేగినా, వాడుకున్న నీటికి బాధ్యత వహించాలన్న భావం కార్యరూపం దాల్చడం ముదావహం. అయితే నిషేధం వలన గుజ్జు అవసరం తగ్గదు. అది వేరొక జిల్లా నేలను వెదుక్కుంటుంది. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ తోటలు పెరిగినది కూడా ఆ గిరాకీ వల్లనే.

కాబట్టి పరిష్కారం వాడేవారి చేతిలోనూ ఉన్నది. నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలను కుట్టుకొని వాడుకోవడం వెనుకటి తరం విద్యార్థులకు పొదుపు మాత్రమే. నేటివారికి అది నీటిని కాపాడే పని. తమ్మేగౌడ చెరువు నాలుగు శతాబ్దాలు దాటినది. దానిని కట్టినవారు రాబోయే తరాల దాహాన్ని లెక్కలో వేసుకున్నారు. ఆ లెక్క నేర్పడం ఇకపై తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉమ్మడి కర్తవ్యం.